చిలీ నుంచి వచ్చిన మపూచే నడికట్టు: ముందు వెనక్కి తిప్పి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అన్నయ్య చిలీలో పనిచేసి వస్తూ నేసిన బెల్టు ఒకటి తెచ్చారు. దాదాపు అరచేతి వెడల్పు, తెలుపు మీద ముదురు ఎరుపు బొమ్మలు, రెండు చివర్లా జడలల్లిన కుచ్చులు. చీటీ మీద ‘మపూచే చేతిపని’ అని రాసి ఉంది. మపూచేలంటే దక్షిణ చిలీలోని మూలవాసులు. అది నిజంగా చేతినేతేనా, ఆ బొమ్మలకు అర్థమేమిటి, చీర మీద కట్టుకోవచ్చా, మీకు తెలిసిన మగ్గం వాళ్ళ చేత అదే బొమ్మను చీర అంచుగా నేయించుకుంటే తప్పా అని అడిగారు. నాలుగోదానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. అయినా ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

నేనెవరో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే ఈ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీకు తెలియదు. మాది నల్గొండ వైపు చిటికి, అంటే ఇక్కత్, నేసే పద్మశాలీల ఇల్లు. మా నాన్న పక్కన కూర్చుని పోగులకు ముడులు వేస్తూ పెరిగాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం మీద శాంటియాగోలో ఆరేళ్ళు ఉన్నాం. ఆ ఆరేళ్ళూ వేసవి సెలవులకు, అంటే అక్కడి జనవరి, ఫిబ్రవరి నెలల్లో, దక్షిణాన తెముకో దగ్గరి ఒక పల్లెకు వెళ్ళి ఒక మపూచే పెద్దావిడ దగ్గర నేత నేర్చుకున్నాను. శాంటియాగోలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి తెముకోలో దిగుతాం. అక్కడ పెద్దవయసు ఆడవాళ్ళను గౌరవంగా, ప్రేమగా ‘పపాయ్’ అంటారు. మన చెవికి అది ‘పాపాయి’లా వినిపిస్తుంది. డెబ్భై దాటిన మనిషిని అలా పిలవడానికి నాకు మొదటి వారమంతా నోరు రాలేదు.

ముందు పేరు సంగతి చూద్దాం, ఎందుకంటే సగం అర్థం పేరులోనే ఉంది. మపూచేల భాష మపుదుంగున్. మపు అంటే నేల, చే అంటే మనుషులు, దుంగున్ అంటే మాట. మీ దగ్గరున్న దాన్ని ‘ట్రారివే’ అంటారు. ట్రారి అంటే కట్టడం, ‘వే’ చేరిస్తే కట్టుకోవడానికి పనికొచ్చేది. అంటే అచ్చంగా మన నడికట్టు. తలకు కట్టుకునేది ‘ట్రారిలోంకో’, లోంకో అంటే తల. మనం తలకట్టు అన్నట్టే. మగవాళ్ళు గోచీలాంటి చిరిపా మీద కట్టుకునేది ‘ట్రారిచిరిపా’, అది సన్నగా, ఎక్కువగా చారలతో ఉంటుంది. మీరు చెప్పిన వెడల్పు, బొమ్మలు చూస్తే మీది ఆడవాళ్ళ కట్టే. వాళ్ళు ఒంటికి చుట్టుకునే ‘కుపమ్’ అనే నల్ల ఉన్ని బట్టను నడుం దగ్గర పట్టి ఉంచేది అదే. స్పానిష్‌లో ఫాహా అంటారు. పుస్తకాల్లో ఒక్కోచోట ఒక్కో వర్ణక్రమం కనిపిస్తే కంగారు పడకండి. ఆ భాషకు రెండు మూడు రాత పద్ధతులున్నాయి.

ఇక మొదటి ప్రశ్న. నేను శాంటియాగో వెళ్ళిన కొత్తలో పర్యాటకులు వచ్చే ఒక దుకాణంలో ‘చేతినేత’ అన్న మాట నమ్మి ఒక నడికట్టు కొన్నాను. నేత ఇంట్లో పుట్టిన దాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. ఆ వేసవిలో దాన్ని పపాయ్‌కి చూపించాను. ఆవిడ దాని ముఖం వైపు చూడనే లేదు. ఒళ్ళో బోర్లా వేసుకుని, బొటనవేలితో ఒక అంచు మీద రాసింది, తర్వాత రెండో అంచు మీద రాసింది. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి పెట్టెలోంచి తన ట్రారివే తెచ్చి, దాన్నీ బోర్లా వేసి రెండూ పక్కపక్కన పెట్టింది. నా వేలు పట్టుకుని నాలుగు అంచుల మీదా రాయించింది. నేను కొన్నదానికి ఒక అంచు మామూలుగా ఉంది, రెండో అంచు సన్నటి గొలుసు కుట్టులా బుడిపెలు బుడిపెలుగా తగిలింది. ఆవిడ దానికి రెండు అంచులూ ఒకేలా ఉన్నాయి.

ఆ గొలుసు అంచు పట్టీలు నేసే యంత్రం గుర్తు. ఆ యంత్రంలో పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ మోసే నాడె ఉండదు. సూది ఒక పక్క నుంచి పేకను తోసి, రెండో పక్క అల్లికతో బంధిస్తుంది. చేతి మగ్గం మీద పేక ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతుంది కాబట్టి రెండు అంచులూ ఒకటే తీరు. మీరు కూడా పగటి వెలుతురులో కళ్ళు మూసుకుని వేలితో రాసి చూడండి. కంటికంటే వేలు నమ్మకమైనది.

తర్వాత వెనకవైపు చూడండి. మపూచే నడికట్టులో బొమ్మ పుట్టేది పడుగు పోగుల్లోంచి, అంటే పొడవునా సాగే పోగుల్లోంచి. పేక దాదాపు కనిపించదు, పడుగు దాన్ని కప్పేస్తుంది. ఎర్ర పోగులు, తెల్ల పోగులు రెండూ పట్టీ పొడవునా ఈ చివర నుంచి ఆ చివరి దాకా పరుగెడుతూనే ఉంటాయి. బొమ్మ ఉన్నచోట ఎరుపు పైకొస్తుంది, లేనిచోట వెనక్కి పోతుంది. అందుకని కొన్ని పట్టీల్లో వెనక్కి తిప్పితే అదే బొమ్మ రంగులు తారుమారై కనిపిస్తుంది. ఇంకొన్నింటిలో ఎర్ర పోగులు వెనక పొడవుగా తేలుతూ కనిపిస్తాయి. రెండూ చేతినేతే. వెనక వెలిసిపోయిన నీడలా ఉంటే అది ముద్ర వేసింది. ముడులు, తెగిన దారపు మొనలు ఉంటే సూదితో కుట్టింది. రంగు పోగులు పొడవునా కాక అడ్డంగా తేలుతుంటే బొమ్మలు నేసే జాకార్డు యంత్రం మీద నేసింది అయ్యే అవకాశం ఎక్కువ.

మూడోది కుచ్చు. కుచ్చు విడిగా కుట్టింది కాకూడదు. పట్టీలోని పడుగు పోగులే చివర మిగిలి జడలవ్వాలి. ఒక జడ విప్పి చూడండి, అంచు దగ్గరి చారల రంగులు ఏ వరుసలో ఉన్నాయో కుచ్చులో కూడా అవే రంగులు అదే వరుసలో రావాలి. ఆ కుచ్చులోంచే ఒక చిన్న పోగు ముక్క తీసి పురి వెనక్కి తిప్పండి. కదురు మీద వడికిన ఉన్ని అయితే రెండు పాయలుగా విడిపోతుంది, ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుంది. దాన్ని అగ్గిపుల్లకు చూపిస్తే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిదై నలుగుతుంది. గట్టి పూసలా కరిగితే యాక్రిలిక్, అంటే కృత్రిమ దారం.

ఇక్కడ ఒక మాట. యాక్రిలిక్ అని తేలితే పారేయకండి. అక్కడి నేతగత్తెల్లో చాలామంది తెల్ల నేలకు నూలు, రంగులకు యాక్రిలిక్ వాడతారు, ఉన్ని వడకడానికి పట్టే రోజులకు ఎవరూ కూలి కట్టివ్వరు కాబట్టి. దారం కొన్నదైనా నేత చేతిదే కావచ్చు. అంచూ వెనకవైపూ మొదట చూడమన్నది అందుకే. దారం సంగతి అన్నిటికంటే ఆఖర్న చూడాలి.

ఇప్పుడు అది ఎలా తయారవుతుందో చెప్పకపోతే ధర మాట అర్థం కాదు.

వాళ్ళ మగ్గం పేరు ‘విట్రల్’. మన గుంట మగ్గంలా కాళ్ళ తొక్కుళ్ళు ఉండవు. నిలువుగా రెండు గుంజలు, అడ్డంగా పైనొక కర్ర, కిందొక కర్ర, అంతే. ఇంటి గోడకు ఆనించి పెడతారు. నడికట్టుకు అదే తీరు మగ్గం చిన్నది చేసుకుంటారు. పడుగును పైకర్రకూ కిందికర్రకూ ఎనిమిది అంకెలా మెలిపెట్టి చుడతారు. పోగుల్ని లేపడానికి ఒక కర్రకు కట్టిన దారపు ఉచ్చులుంటాయి. పేకను దిగ్గొట్టడానికి గట్టి చెక్కతో చేసిన కత్తిలాంటి బద్ద ఉంటుంది. దాని పేరు ‘ఙురెవే’. మన అక్షరమాలలో నేర్చుకుని మళ్ళీ ఎప్పుడూ రాయని ఆ ఙ నాకు పనికొచ్చింది అక్కడే. పన్నె లేదు. పన్నె పళ్ళ సందుల్లో పోగుల్ని సమానంగా విడదీసే అలవాటున్న మా వంశానికి, పన్నె లేకుండా వెడల్పు నిలబెట్టడమే పెద్ద పరీక్ష. వెడల్పంతా పేక లాగే చేతి పట్టులో ఉంది. మీ పట్టీని స్కేలు పెట్టి నాలుగుచోట్ల కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే సంతోషించండి.

బొమ్మ వేసే నేతను ‘ఞిమిన్’ అంటారు. పపాయ్ గొర్రెతోలు పరుచుకుని మగ్గం ముందు కూర్చునేది. ఎడమ చేతి వేళ్ళతో పోగుల వరుసను పట్టి, కుడి బొటనవేలితో ఎర్ర పోగుల జతల్ని ఒక్కొక్కటే పైకి తీసేది, తెల్లవాటిని వెనక్కి జార్చేది. అలా ఆ వరుస మొత్తం ఏరాక ఒక పుల్ల దూర్చి, పేక తోసి, ఙురెవేతో రెండు దెబ్బలు. మళ్ళీ పై వరుస. కాగితం లేదు, గళ్ళు గీసిన గ్రాఫు లేదు, మన డిజైనర్లు మాకు ఇచ్చే నమూనా లాంటిది ఏదీ లేదు. కిఞే, ఎపు, కులా అంటూ పెదాల మీద లెక్క. ఒకటి, రెండు, మూడు. నడికట్టు మధ్య పట్టీలో బేసి సంఖ్యలో జతలుంటాయి. నడిమి జత బొమ్మకు వెన్నెముక. అక్కణ్ణించి కుడికి ఎన్ని, ఎడమకు ఎన్ని అన్న లెక్కే బొమ్మ. నాకు మొదట 17 జతల చిన్న పట్టీ పెట్టించింది. పదకొండు రోజులు పట్టింది, జానెడున్నర నేశాను. ఒక జత తప్పితే ఆ వరుసలో తెలియదు. మూడు వరుసలయ్యాక బొమ్మ మోకాలు వంకర పోతుంది. అప్పుడు పేక వెనక్కి లాగి, మూడు వరుసలూ విప్పాలి. నేను ఎన్నిసార్లు విప్పానో, ఆవిడ అన్నిసార్లు పక్కన కూర్చుని చూసింది కానీ ఒక్కసారి కూడా నా చేతిలోంచి పుల్ల తీసుకోలేదు.

అందుకే ఎవరైనా ఇలాంటి పట్టీ ‘ఇంత చిన్న దానికి అంత ధరా’ అంటే నాకు బాధేస్తుంది. ఉన్ని కడగాలి, ఆరబెట్టాలి, వేళ్ళతో విప్పాలి, పొడవాటి పాయలుగా లాగాలి, కింద ‘చిన్‌కుద్’ అనే రాతి బిళ్ళ ఉన్న కదురు మీద వడకాలి, రెండు పోగులు కలిపి మళ్ళీ పురెక్కించాలి, రంగు వేయాలి. నేత మొదలయ్యేసరికే సగం పని అయిపోతుంది. మన దగ్గర గొంగడి కోసం ఉన్ని వడికే కురుమల ఇళ్ళలో ఆడవాళ్ళను చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తడిసిన ఉన్ని వాసన కూడా అదే.

సాలెపురుగు మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఉన్ని వడకడం ఎలా వచ్చిందని అడిగితే పపాయ్ ఒక కథ చెప్పింది. వేరేవాళ్ళు వేరేలా చెబుతారట, నేను విన్న తీరు ఇది. ఒక పిల్లను ఒకతను బలవంతంగా తన ఇంటికి తీసుకుపోయాడు. దూర ప్రయాణానికి వెళ్తూ, నేను తిరిగొచ్చేసరికి ఈ ఉన్ని అంతా వడికి ఉండాలి అన్నాడు. ఆ పిల్లకు వడకడం రాదు. పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నిప్పే మాట్లాడింది, భయపడకు, లాలెన్ కుసే వస్తుంది అని. కుసే అంటే ముసలమ్మ, లాలెన్ అంటే సాలీడు. ఆ సాలీడు అవ్వ పైనుంచి దారం పట్టుకుని దిగి, నన్ను చూసి చెయ్ అంది. అతను తిరిగొచ్చేసరికి ఉన్ని అంతా దారమై ఉంది. ఈ కథ వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మా సాలెల పేరే మన భాష ఆ పురుగుకు పెట్టింది. సాలీడు అంటే నేసేవాడూ, సాలెపురుగూ కూడా. ఆ సంగతి పపాయ్‌కి చెబితే ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి తీసుకుని ఆ వేళ్ళు చూసింది.

బొమ్మల సంగతి. మీరు వర్ణించిన దాన్నిబట్టి, మధ్యలో నాలుగు పలకల మొండెం, పైకీ కిందికీ కొమ్మల్లా మడిచిన చేతులూ కాళ్ళూ ఉంటే, అది ‘లుకుతువే’. ఆడవాళ్ళ నడికట్టుకు పేరు తెచ్చిన బొమ్మ ఇదే. లుకు అంటే మోకాలు. లుకుతున్ అంటే మోకాళ్ళ మీద కూర్చోవడం. మోకాలు నుంచి మన మోకరిల్లడం వచ్చినట్టే. ‘ఙిల్యాతున్’ అనే సామూహిక ప్రార్థనలో నేల మీద మోకరిల్లే మనిషి అని ఒక చదువు. సంతానం, వంశం నిలబడడం అని మరో చదువు. నడికట్టు ఆడదాని కడుపును కాచి బలం ఇస్తుందని పెద్దవాళ్ళు అంటారు. మొక్కలు, పువ్వులు, చుక్కలు, పాము కూడా నడికట్ల మీద వస్తాయి. నీటి పాము కైకై, నేల పాము ట్రెంగ్‌ట్రెంగ్ పోట్లాడుకుంటే సముద్రం పొంగిందని, జనం కొండలెక్కి బతికారని వాళ్ళ ప్రళయ కథ. భూకంపాలూ సునామీలూ వచ్చే తీరంలో పుట్టిన కథ అది.

అయితే దుకాణం చీటీల మీద ‘ఈ బొమ్మ అంటే సుఖం, ఈ బొమ్మ అంటే అదృష్టం’ అని రాస్తే నమ్మకండి. ఆ బొమ్మలకు ఒకటే నిఘంటువు లేదు. సముద్రం ఒడ్డున ఉండే లఫ్‌కెంచేల దగ్గర ఒక పేరు, కొండల్లో అరౌకారియా చెట్ల మధ్య ఉండే పెవెంచేల దగ్గర ఇంకో పేరు వినిపించవచ్చు. అనుభవమున్న మనిషి ఒక నడికట్టును చూసి ఇది ఏ వైపుదో చెప్పగలదు. నేసిన మనిషిని అడగగలిగితే ఆమె చెప్పిందే అర్థం. అడగలేకపోతే, లుకుతువే అన్న పేరు తెలుసుకుని అక్కడితో ఆగడం మంచిది.

మీ పట్టీ ఎరుపు గురించి ఒక మాట. పాతకాలపు ఎరుపు ‘రెల్బున్’ అనే తీగమొక్క వేళ్ళలోంచి వచ్చేది. మన మంజిష్ఠ, మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు వాడిన చిరివేరు, ఈ రెల్బున్, మూడూ వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబం. మహాసముద్రాలకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకే కుటుంబపు మొక్కల వేళ్ళు తవ్వి ఎరుపు తీశారు. నలుపు కూడా అంతే. అక్కడ ‘నాల్కా’ అని గొడుగంత ఆకులున్న మొక్క ఉంది. దాని కాడను ఉప్పు అద్దుకుని తింటారు, పుల్లగా బాగుంటుంది. దానిలోని వగరుకూ, నల్లమట్టిలోని ఇనుముకూ పొత్తు కుదిరి ఉన్ని నల్లబడుతుంది. మన కలంకారీ వాళ్ళు కరక్కాయ పట్టించిన బట్ట మీద కసిం అనే ఇనుప నీళ్ళు రాస్తే నల్లబడేది కూడా అందుకే. ఇనుమూ వగరూ కలిస్తే ఎక్కడైనా నలుపే. పసుపుకు మిచాయ్ అనే ముళ్ళ పొద, గోధుమ రంగుకు రదాల్ ఆకులూ బెరడూ. ఇప్పుడు ఎక్కువ పట్టీల్లో ఉండేవి కొన్న రంగులే. అదేం మోసం కాదు, చీటీ మీద ‘సహజ రంగులు’ అని రాసి అమ్మితేనే మోసం.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. చిలీలోని అంగోల్ దగ్గర అల్బోయాంకోలో సుమారు 14వ శతాబ్దం నాటి బట్ట ముక్కలు దొరికాయి. అంటే స్పానిష్‌వాళ్ళు రాకముందే అక్కడ మంచి నేత ఉంది. అప్పటి ఉన్ని చిలివేకె అనే లామా జాతి జంతువుది. 16వ శతాబ్దంలో గొర్రెలొచ్చాయి, ఆ తర్వాత చిలివేకెలు క్రమంగా కనుమరుగయ్యాయి. 1641లో కిలిన్ దగ్గర జరిగిన ఒప్పందంలో స్పెయిన్ బియోబియో నదిని మపూచేల నేలకు సరిహద్దుగా ఒప్పుకుంది. అలా ఒప్పించుకున్న స్థానిక జాతి ఆ ఖండంలో అరుదు. వాళ్ళ మకుఞ్‌లు, అంటే పోంచోలు, ఆండీస్ కొండలు దాటి పశువులతో, గుర్రాలతో మారకమయ్యేవి. 1861 నుంచి 1883 దాకా చిలీ సైన్యం ఆ నేలను ఆక్రమించింది. మిగిలిన కొద్దిపాటి భూముల్లోకి జనాన్ని నెట్టారు. ఆ తర్వాత ఎన్నో ఇళ్ళలో చేతికి డబ్బు తెచ్చినవి ఆడవాళ్ళ మగ్గాలే. నేల పోయిన ఇళ్ళను నిలబెట్టిన పని అది. మీరు పట్టీని చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలని నా కోరిక.

ఇప్పటికీ పండగలకు, జూన్‌లో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం వీ త్రిపంతుకు ఎంతోమంది ఆడవాళ్ళు ట్రారివే కట్టుకుంటారు. 1992లో తయారైన మపూచే జెండా చూడండి, మధ్యలో కుల్ట్రుంగ్ డోలు, పైనా కిందా అంచుల్లో నేత నుంచి తీసిన మెట్ల వజ్రాలు. ఒక జాతి తన జెండా అంచును మగ్గం నుంచి తీసుకుంది. మీ అన్నయ్య జేబులో చిలీ 100 పెసోల నాణెం మిగిలి ఉంటే దాని మీద తలకట్టుతో ఉన్న మపూచే స్త్రీని కూడా చూడొచ్చు. 2001 నుంచి ఆ నాణెం నడుస్తోంది.

చీర మీద కట్టుకోవచ్చా అన్నారు. కట్టుకోండి. అమ్మకానికి నేసిన పట్టీ కట్టుకోవడానికే. నేను ఆకుపచ్చ గద్వాల చీర మీద కట్టుకుని వెళితే పపాయ్ తన చేత్తో సరిచేసింది. నేను వడ్డాణంలా వదులుగా పెట్టుకున్నాను. ఆవిడ దాన్ని విప్పి, నడుం చుట్టూ బిగించి తిప్పి, చివర లోపలికి దోపి, కుచ్చు పక్కకు వేలాడదీసింది. బిగుతుగా ఉంటేనే నడుముకు బలమంది. బకిలు కుట్టించకండి, గుండీల కోసం రంధ్రాలు చేయించకండి. పడుగు మీద నిలబడిన బట్టలో ఒక రంధ్రం పడితే పొడవునా పోగులు తెగిపోతాయి.

బజార్లో మరో రకం కనిపిస్తుంది, దాంతో కలిపేసుకోకండి. తోలు బెల్టు మీద మైనపు దారంతో మెట్ల వజ్రాలు కుట్టినవి, అర్జెంటీనా పోలో బెల్టులంటారు. ఆ వజ్రాల వరుసకు అక్కడ ‘గ్వార్దా పంపా’ అని పేరు, పంపా మైదానాల్లోని మపూచేల, వాళ్ళ పొరుగు జాతుల నేత నుంచి, పశువులు కాసే గౌచోల నడికట్ల మీదుగా వచ్చింది. అందమైన పనే. కానీ అది తోలు మీద కుట్టు, నేత కాదు.

ఇక నాలుగో ప్రశ్న. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్న ఒక ఏడాది కూర్చుని ఒక చిటికి నమూనా తీశాడు. పడుగుకు ఎక్కడెక్కడ ముడి వేయాలో ఆ లెక్క ఆయన తలలో ఉండేది. రెండు చీరలు అమ్ముడయ్యాయో లేదో, మూడో నెలలో అదే నమూనా మిల్లు బట్ట మీద ముద్ర వేసి పదో వంతు ధరకు బజార్లో కనిపించింది. ముడి లేదు, పోగు లేదు, బొమ్మ మాత్రం ఉంది. నాన్న ఆ బట్టను వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు. పపాయ్ నేను కొన్న నడికట్టును బోర్లా వేసి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చూపే.

అందుకని నా మాట ఇది. పడుగు పోగులు ఏరి బొమ్మ వేసే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, అది ఆండీస్ అంతటా ఉంది. మీ మగ్గం వాళ్ళకు ఆసక్తి ఉంటే ఆ పద్ధతి నేర్చుకుని మన బొమ్మలు, మన గోపురాలు, మామిడి పిందెలు, హంసలు దాంతో నేస్తే చూడడానికి నేనే మొదట వస్తాను. మెట్ల వజ్రం, గళ్ళు కూడా ఎన్నో జాతుల నేతల్లో ఉన్నాయి, అడ్డు చెప్పను. లుకుతువేను మాత్రం చీర అంచు చేయకండి. అది మోకరిల్లిన మనిషి. నడుముకు, కడుపుకు దగ్గరగా కట్టుకునే బొమ్మ. దాన్ని అంచు చేస్తే అది మన కాళ్ళ దగ్గర, కుచ్చిళ్ళ కింద నేల రాసుకుంటూ పోతుంది. ఈ మాట పపాయ్‌తో అంటే, ఆవిడ ఎలా మొహం పెడుతుందో నాకు తెలుసు. ఇంకో కారణం కూడా ఉంది. ఆ లెక్క మీకు చీటీలో రాలేదు. అది ఇంకొకరి వేళ్ళలో ఉంది, ఆమె దాని మీద బతుకుతోంది.

నేత నచ్చి ఇంకా కావాలనుకుంటే ఆమెకే పని ఇవ్వండి. తెముకో దగ్గర నేతగత్తెలతో పనిచేసే చోల్‌చోల్ ఫౌండేషన్ ఉంది. తీరంలోని తిరువాలో ‘రెల్ము విట్రల్’ అనే నేతగత్తెల సంఘం ఉంది. పేరుకు అర్థం ఇంద్రధనుస్సు మగ్గం. మీ అన్నయ్యకు మళ్ళీ వెళ్ళే పనుంటే వాళ్ళ దగ్గర అడిగి, నేసిన మనిషి పేరు చీటీ మీద రాయించుకుని తెమ్మనండి. తెముకోలో ఫేరియా పింటో బజారు కూడా చూడమనండి. అక్కడ పల్లెల నుంచి వచ్చిన మపూచే ఆడవాళ్ళు కూరగాయలూ మెర్కెన్ అమ్ముతుంటారు. మెర్కెన్ అంటే పొగలో ఆరబెట్టిన మిరపకాయలు, ధనియాలు దంచిన కారం. ఉడికించిన బంగాళాదుంప మీద చల్లుకుని తింటే మన ఇంటి కారప్పొడి గుర్తొస్తుంది. ఒక పొట్లం తెప్పించుకోండి.

దాచుకోవడం గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మన ఎండకూ చెమ్మకూ ఉన్ని అలవాటు పడింది కాదు. వానాకాలంలో పురుగు పడుతుంది. ఉన్ని తినే పురుగు చీకటి మడతల్లో చేరుతుంది కాబట్టి మడత పెట్టకుండా, ఉతికిన తెల్ల నూలు బట్టతో కలిపి చుట్టగా చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టేసి ఏళ్ళతరబడి ఉంచకండి. చుట్ట పక్కన నీడన ఆరిన వేపాకు పెట్టి నెలకోసారి మార్చండి. కలరా ఉండలు పెడితే మాత్రం అవి ఉన్నికి తగలకూడదు. పురుగు పట్టిందన్న అనుమానం వస్తే, గాలి పోకుండా సంచిలో కట్టి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగండి. ఉతకాల్సి వస్తే ముందు తడి తెల్లగుడ్డతో ఎరుపు మీద అద్ది చూడండి. రంగు అంటితే నీళ్ళలో పెట్టొద్దు. అంటకపోతే చన్నీళ్ళు, కుంకుడు రసం కాస్త, పిండకుండా తువ్వాలులో ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగి నడుం దగ్గర అలలు వస్తాయి.

మూడు ఫొటోలు పెట్టండి. రెండు అంచులూ కనిపించేలా వెనకవైపు ఒకటి, జడ ఒకటి విప్పి కుచ్చు మొదలు ఒకటి, నడిమి బొమ్మ పూర్తిగా ఒకటి. పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. నడిమి జత నుంచి కుడికి ఎన్ని పోగులున్నాయో నేను లెక్కపెట్టి చెబుతాను.